నాన్న బైబిలు తొడుగు

నేను అమ్మే ప్రతి వస్తువుతో పాటు ఒక కాగితం ఇస్తాను. అరచేతి వెడల్పు కాగితం, రెండువైపులా అచ్చు. తడిస్తే ఎండలో పెట్టొద్దు, నీడలో గాలికి ఆరనివ్వండి. రుద్దొద్దు, పొడి నూలుగుడ్డతో అద్దండి. ఆరు నెలలకోసారి నూనె పట్టించండి, చెంచాడు చాలు. చివరి వాక్యం మాత్రం లావు అక్షరాల్లో ఉంటుంది: ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు. ఇన్నేళ్లలో ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి నాకు తెలిసి ఒక్కరే. ఆయన ఎక్కడో ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారట. రెండో వైపు ఒక అచ్చుతప్పు ఉందని ఫోన్ చేసి చెప్పారు. సరే, కొన్న బెల్టు ఎలా ఉందండీ అని అడిగితే, కొత్తది కదమ్మా, ఇంకా కవరు విప్పలేదు అన్నారు.

తోలు మీద చెక్కడం నా పని. తంగేడు బెరడు వేసి పదును చేసిన తోలును తడిపి, పెన్సిలంత కత్తితో గీత గీసి, గీత పక్కన ఇనుప అచ్చు పెట్టి కొయ్య సుత్తితో కొడతాను. కొట్టిన చోటు అణుగుతుంది, కొట్టని చోటు పువ్వో ఆకో అయి పైకి లేస్తుంది. చెప్పడానికి ఇంతే. మద్దిలపాలెంలో బస్సు డిపో వెనక సందులో, మేడ మీద ఒక గది. కింద అద్దెకున్నవాళ్లు మధ్యాహ్నం పడుకుంటారు కాబట్టి రెండు నుంచి నాలుగు దాకా సుత్తి ముట్టను. ఆ రెండు గంటలూ నూనెలు, మైనాలు, కుట్లు.

ఈ ఊరి గాలి తోలుకి పడదు. గాలిలో ఉప్పు ఉంటుంది, ఉప్పు ఊరికే ఉండదు, చెమ్మని పిలుచుకొస్తుంది. వానాకాలంలో గదిలో ఆరేసిన చీర మూడో రోజుకి కూడా తడి వదలదు. చీరకే దిక్కు లేనప్పుడు చర్మం ఊరుకుంటుందా? చెక్కిన తోలైతే మరీను. నున్నటి పర్సు మీద బూజు పడితే ఒక్క తుడుపుతో పోతుంది. చెక్కిన దాంట్లో ప్రతి గీతా ఒక కాలవ, ప్రతి ఆకు కిందా ఒక మూల. దుమ్ము అక్కడే చేరుతుంది, బూజు అక్కడే పుడుతుంది. నేను ఎంత ఒళ్లు దాచుకోకుండా చెక్కితే బూజుకి అంత చోటు ఇచ్చినట్టు. ఈ సంగతి ఒంటబట్టేసరికి రెండు వానాకాలాలు గడిచాయి. ఒక అట్టపెట్టె నిండా పర్సులు పోయాయి.

తెల్లగా కనిపించిందల్లా బూజు కాదని కూడా ఆలస్యంగానే తెలిసింది. మైనం ఎక్కువ రాస్తే అది చలికాలంలో పైకి తేలి, పసుపు కొమ్ము మీద పిండి అద్దినట్టు తెల్లబడుతుంది. కాస్త వేడి తగిలితే కరిగి లోపలికి పోతే అది మైనం. వేడికి కదలకుండా, ముక్కుకి పాత గోనెసంచి వాసన కొడితే అది బూజు. మొదట్లో ఈ తేడా తెలియక మైనాన్ని బూజనుకుని స్పిరిటు పెట్టి తుడిచేసేదాన్ని. బూజుని మైనమనుకుని మురిసిపోయేదాన్ని.

ఈ పనిలోకి రాకముందు నేనొక ప్రైవేటు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. అది మానేసి తోలు పని నేర్చుకుంటానన్న రోజు అమ్మ ఏడ్చింది. నాన్న ఏడవలేదు. "ఏటి పని అది?" అన్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. అది ప్రశ్న కాదని సగంలో అర్థమై ఊరుకున్నాను.

మా తాత చెప్పులు కుట్టేవాడు. విజయనగరం అవతల ఒక పల్లెలో, ఊరికి ఒక పక్కగా ఉండే వీధిలో. అడుగు వేస్తే కిర్రుమనే కిర్రు చెప్పులు కుట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అనేవారట. ఈ మాట నేను ఇంటర్ చదివేదాకా మా ఇంట్లో వినలేదు. అమ్మే చెప్పింది, ఇంట్లో మేమిద్దరమే ఉన్నా గొంతు తగ్గించి మరీ చెప్పింది. నాన్నకి స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చాక, తోటివాళ్లు మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే వ్యవసాయం అని చెప్పాడు. తాతకి సెంటు భూమి లేదు. ఒకసారి వ్యవసాయం అన్నాక ఆ అబద్ధాన్ని మేపాలి కదా. ఏం పంట అంటే వరి అన్నాడు, ఎన్ని ఎకరాలంటే రెండున్నర అన్నాడు. తుపాను వచ్చిన ఏడు నాన్నని క్యాంటీన్లో కూర్చోబెట్టి పంట పోయినందుకు ఓదార్చారని అమ్మ చెప్పింది. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. తరవాత తలుచుకుంటే నవ్వు రాలేదు.

నాన్నని తప్పు పట్టడం తేలిక. తన చేతిలో గ్లాసు పెట్టకుండా నీళ్లు పైనుంచి పోసిన ఇళ్లని చూస్తూ పెరిగిన మనిషి ఆయన. ఆ వీధి నుంచి బయటపడి, చదువుకుని, ప్లాంటు చొక్కా వేసుకుని, చర్చిలో పెద్దమనిషి అయ్యాడు. ఆయన ఏ తోలు వాసన నుంచి అంత దూరం పారిపోయాడో ఆ వాసనే నేను సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఆయన అడ్డు చెప్పలేదు. నా పని ఎలా ఉందని అడగనూ లేదు. ఎవరైనా మీ అమ్మాయి ఏం చేస్తోందంటే "బేగులూ అయ్యీ, ఏదో బిజినెస్సు" అనేవాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలిచాను. బెంగుళూరు నుంచి, హైదరాబాదు నుంచి ఆర్డర్లు వచ్చేవి. అది చాలని అనుకునే మనిషినైతే ఈ కథ లేదు.

నాన్నకి డెబ్బై ఏళ్లు నిండిన పుట్టినరోజుకి బైబిలుకి తొడుగు చేశాను. ఆయన బైబిలు పెద్దక్షరాలది, చేతిలో ఇటుకంత ఉంటుంది. కొలతలు అమ్మ చేత తీయించాను. నలభై రోజులు పట్టింది. సిలువ వెయ్యలేదు, ద్రాక్షగుత్తులు వెయ్యలేదు, అవి అందరూ వేస్తారు. తంగేడు పూలు చెక్కాను, నాలుగు వైపులా కొమ్మలు వచ్చేట్టు, మధ్యలో ఖాళీ వదిలి. నేను చేసినవాటిలో అంత మంచిది అంతకు ముందు లేదు. చివర్లో జాగ్రత్త ఎక్కువై మైనం నాలుగు పూతలు వేశాను. రెండు చాలు. సొంత మనిషికి చేసేటప్పుడు చెయ్యి ఆగదు.

నాన్న దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. తిప్పి చూశాడు. అంచు మీద బొటనవేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పోనిచ్చాడు.

"ఇదేటి పువ్వు?" అన్నాడు.

"తంగేడు, నాన్నా."

ఊఁ అన్నాడు. బాగుంది అన్నాడు. లోపలికి తీసుకెళ్లి బీరువా తలుపు వేసిన చప్పుడు వినిపించింది. ఆ ఆదివారం చర్చికి పాత రెక్సిను సంచిలోనే బైబిలు తీసుకెళ్లాడు. జిప్పు పాడైపోయి, పిన్నీసు పెట్టిన సంచి అది. ఆ పై ఆదివారమూ అదే. పండగ వచ్చింది, కొత్త చొక్కా, కొత్త పంచె, అదే సంచి.

నాకు కావలసింది ఒక్కటే. ఆ తొడుగు పట్టుకుని మా నాన్న నలుగురిలోకి వెళ్లాలి. మెచ్చుకోవద్దు, ఎవరికీ చెప్పొద్దు, చేత్తో పట్టుకుంటే చాలు. ఇంత చిన్న కోరిక కోరినందుకు నా మీద నాకే చిరాకు వేసేది. అయినా ప్రతి సోమవారం అమ్మకి ఫోన్ చేసి, ఆ మాటా ఈ మాటా చెప్పి, నిన్న నాన్న ఏ సంచి పట్టుకెళ్లాడని అడిగేదాన్ని. అమ్మకి నేను ఎందుకు ఫోన్ చేశానో మొదటి నిమిషంలోనే తెలిసిపోయేది. "పాతదేలే" అనేది.

ఈ మధ్యలోనే నా దగ్గరికి చేపలమ్మే ఆవిడ వచ్చింది. జాలరిపేట నుంచి పొద్దున్నే ఆటోలో తట్ట దింపుకుని మా సందు మొదట్లో కూర్చుంటుంది. సుత్తి చప్పుడేమిటో చూద్దామని ఒకరోజు మెట్లెక్కి పైకి వచ్చింది. గోడకి వేలాడుతున్న సంచుల్లో నడుముకి కట్టుకునే చిన్న సంచి చూసి, అలాంటిది కావాలంది. దాని మీద పడవ ఉండాలంది.

"ఇది నీ పనికి పనికిరాదమ్మా," అన్నాను. "నీళ్లు, ఐసు, ఉప్పు. నెలకి మించి ఉండదు."

"నువ్వు సెయ్యి. నాను సూసుకుంతాను."

చేశాను. సంచితో పాటు కాగితం ఇచ్చి, చదవడం రాదంటే ఒక్కొక్కటీ చదివి వినిపించాను. ఆవిడ తల ఊపుతూ శ్రద్ధగా విన్నది. మర్నాడు ఎవరికో నెత్తళ్ల చేపలు ఆ కాగితంలోనే పొట్లం కట్టి ఇవ్వడం నా కళ్లతో చూశాను.

ఏడాది తరవాత సంచి కుట్టు తెగిందని తెచ్చింది. దారం ఉప్పుకి చివికిపోయింది, ఇత్తడి గుండీ పచ్చగా చిలుమెక్కింది. తోలు మాత్రం చింతపండు రంగుకి తిరిగి, చేతిలో మెత్తగా వంగుతోంది. పడవ గీతలు కాస్త అరిగాయి తప్ప ఎక్కడా పగులు లేదు, బూజు లేదు. నేను కాగితంలో రాసిన ప్రతి వద్దునీ చేసిన సంచి అది.

"దీనికి ఏం రాస్తున్నావు?" అన్నాను.

"రాయడానికేటి? పొద్దున్నే తలకి కొబ్బరినూని రాసుకుంతాను గదా, ఆ సేతిని దీనికి తుడిసెత్తాను. మద్దేన్నం సేతులు కడిగి మల్లీ దీనికే తుడిసెత్తాను. ఏల, తప్పేటి?"

తప్పు లేదన్నాను. మైనం దారంతో కొత్త కుట్టు వేసి, గుండీ తీసేసి తోలు ముడి పెట్టి ఇచ్చాను. ఆవిడ వెళ్లాక చాలాసేపు ఏ పనీ ముట్టలేదు. నా చేతి వస్తువుల్లో నా మాట వినని మనిషి దగ్గరున్నదే అన్నిటికంటే ఆరోగ్యంగా ఉంది. నాకు కొంచెం అసూయ కూడా కలిగింది, సంచి మీద కాదు, దాన్ని అన్నిసార్లు తాకిన చేతుల మీద.

ఆ ఏడు వానలు విడవకుండా పడ్డాయి. ఒక ఉదయం అమ్మ ఫోన్ చేసింది. "మీ నాన్న బీరువా తీత్తే వాసనొత్తందే. నీ తోలుదేమో."

డిపోలో గాజువాక బస్సెక్కాను. దారి పొడుగునా ఏం చూడబోతున్నానో నాకు తెలుసు.

గాజువాకలో మా ఇంట్లో ప్లాస్టిక్ తొడగని వస్తువు లేదు. టీవీ రిమోటుకి కవరు, దానికి రెండు రబ్బరుబ్యాండ్లు. గోడ గడియారానికి కవరు. స్కూటరు సీటుకి దుకాణంవాడు వేసిన కవరు ఏడేళ్లయినా తియ్యలేదు. సోఫా కొన్నప్పటి కవరు మీదే కూర్చుంటాం, వేసవిలో లేచినప్పుడల్లా తొడలకి అంటుకుని చప్పుడవుతుంది. ప్లాంటు క్వార్టర్సులో ఉన్నప్పటి అలవాటు. కిటికీ మీద పొద్దున తుడిచిన దుమ్ము సాయంత్రానికి మళ్లీ వచ్చి కూర్చునేది, అమ్మా నాన్నా దాంతో ముప్పై ఏళ్లు పోరాడారు. వాళ్ల లెక్కలో ఒక వస్తువంటే ఇష్టమైతే కవరు తొడుగుతారు. ఇంకా ఇష్టమైతే రెండు.

నాన్న వరండాలో పేపరు చదువుతున్నాడు. నేను నేరుగా లోపలికి వెళ్లి బీరువా తీశాను. పైఅరలో, పెళ్లి పట్టుబట్టల పక్కన ఉంది. మూడు కవర్లు. ఒకదానిలో ఒకటి, ప్రతిదానికీ ముడి, మధ్యలో కలరా ఉండలు. విప్పుతుంటే తడి గోనె వాసన గుప్పుమంది. తంగేడు పూలు కనిపించలేదు. ఆకుపచ్చా తెలుపూ కలిసిన నూగు, కొమ్మలన్నిటి మీదా. లోపల కుట్టిన గుడ్డకి కూడా మరకలు.

నాకు కోపం వస్తే గొంతు పెరుగుతుంది, మా వీధంతటికీ తెలుసు.

"నాన్నా, ఇది శవాన్ని చుట్టినట్టు చుట్టావేంటి?"

ఆయన పేపరు మడిచి లోపలికి వచ్చాడు. నా చేతిలోది చూశాడు. మొహం మారింది. నిజం చెప్పాలంటే ఆయన మొహంలో అంత దిగులు నేను ఎప్పుడూ చూడలేదు, కానీ ఆ నిమిషంలో దాన్ని చూసే స్థితిలో నేను లేను.

"పాడవకూడదనే కదా," అన్నాడు. "మంచిదని, మూడు ఏసాను."

"గాలి ఆడకపోతే చచ్చిపోతుంది. నేను చెప్పలేదా? కాగితంలో రాసి ఇవ్వలేదా? రోజూ పట్టుకుంటే దీనికేమీ కాదు. నువ్వు పట్టుకోలేదు, అందుకే ఇలా అయింది."

"కాయితం దాంట్లోనే ఉంది సూడు."

ఉంది. మూడో కవరులో, నాలుగు మడతలు పెట్టి, దానికి వేరే చిన్న కవరు తొడిగి.

అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను నవ్వలేదు. తొడుగు పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకోవాలి కదా. ముక్కుకి గుడ్డ కట్టుకుని, వాన తెరిపిచ్చినప్పుడు పాత పళ్ల బ్రష్షుతో పొడిగా దులిపాను. ఇంట్లో దులిపితే ఆ నూగు ఎగిరి ఇంకోదాని మీద వాలుతుంది. తరవాత స్పిరిటులో సగం నీళ్లు కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి, ఒక్కో పువ్వూ తుడుచుకుంటూ వచ్చాను. నూగు పోయింది. రెండు పూల మీద నల్ల మచ్చలు మిగిలాయి. అవి పోవు, తోలు లోపలికి దిగిపోయాయి.

గంట తరవాత నాన్న స్టూలు తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. నేను తల ఎత్తలేదు.

"పట్టికెల్దారనే అనుకున్నాను," అన్నాడు. "పెతీ ఆదారం తీసీవోడిని. మల్లీ పెట్టీసీవోడిని."

"ఎందుకు?"

"ఎవులు సేసేరంతారు. మా పిల్ల అంతాను. అక్కడిదాకా బాగే ఉంది. మీ పిల్లకి ఈ పనెలగొచ్చిందంతే? యవసాయం సేసుకున్నోల్ల ఇంట్ల ఈ పనెలగొచ్చిందంతే నానేటి సెప్పాలి?"

అంతవరకు నేను ఆయనకి నా పని అంటే సిగ్గనుకున్నాను. ఆయన సిగ్గు పడింది దాని గురించి కాదు. నలభై రెండేళ్లు పెంచిన అబద్ధం ఎక్కడ దొరికిపోతుందో అని భయం. నా కోపం ఎక్కడికక్కడ దిగిపోయింది. అది దిగిపోవడం కూడా నాకు నచ్చలేదు, ఎందుకంటే అనాల్సిన మాటలు ఇంకా రెండు మిగిలి ఉన్నాయి.

తొడుగు నీడలో ఆరింది. సంచిలోంచి మైనం డబ్బా తీసి మూత తిప్పాను.

"అదొద్దు," అన్నాడు నాన్న. "మైనం పైన కూకుంతాది. లోనకెల్లదు. ఆముదం ఎచ్చబెట్టమను."

నేను ఆయన వంక చూశాను. అమ్మ గిన్నెలో ఆముదం వేడిచేసి తెచ్చింది. నాన్న వేలు ముంచి చూసి, తొడుగుని బోర్లా తిప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. వెనక పక్క, గుడ్డ ఊడదీసిన చోట, అరచేత్తో రాయడం మొదలుపెట్టాడు. తొందర లేదు. ఒకే వైపుగా, చెయ్యి ఎత్తకుండా.

"ఎనక నుంచి రాయాల. ముందు నుంచి రాత్తే పువ్వు పడుకుంతాది. ఎనక నుంచి రాత్తే అదే తాగి ముందుకొత్తాది."

"తాత చెప్పాడా?"

"సెప్పేదేటి? నాసేతే రాయించీవోడు. బడి నుంచి రాగానే. కిర్రు సెప్పులు రాత్రంతా ఆముదంలో ఏసి, పొద్దున్న తీసి సేత్తో పిండాల. నా సేతులు ఎప్పుడూ ఆముదం కంపే. పలకట్టుకుంతే పలక జారిపోయీది."

అలా తొడుగు రెండు అట్టల వెనకా రాశాడు. పావుగంటకి ముందు వైపున పూల రంగు ఒక్కొక్కటే ముదరడం చూశాను. నేను నేర్చుకున్న చోట ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన మనిషి మా ఇంట్లోనే సోఫా కవరు మీద కూర్చుని ఉన్నాడు, నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇద్దరమూ ఇద్దరమే.

చేతులు తుడుచుకుంటూ, "మచ్చలుంతాయిలే," అన్నాడు. చర్చికి పట్టుకెళతానని అనలేదు. నేను అడగలేదు. సాయంత్రం బస్సుకి వచ్చేశాను.

ఆ ఆదివారం పట్టుకెళ్లలేదు. ఆ పై ఆదివారమూ లేదు. ఆ తరవాతి వారం అమ్మకి మోకాలు నొప్పి ఎక్కువై, ఆటో ఎక్కించడానికి నేను శనివారమే గాజువాక వెళ్లాను. పొద్దున ముగ్గురం బయల్దేరుతుంటే నాన్న గదిలోంచి బైబిలు పట్టుకుని వచ్చాడు. తొడుగు ఉంది. మచ్చలున్న వైపు లోపలికి తిప్పి, ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. నేను ఆటోవాడితో బేరంలో పడ్డట్టు నటించాను.

ఆరాధన సాగినంతసేపూ నా ధ్యాస వాక్యం మీద లేదు. మగవాళ్ల వైపు మూడో వరసలో, నాన్న ఒడిలో ఉన్న దాని మీదే ఉంది. పక్కనున్నాయన ఒకసారి దానివైపు చూసి మళ్లీ పాస్టరయ్యగారి వైపు తిరిగాడు. నాన్న పేజీలు తిప్పుతున్నాడు.

అయిపోయాక అందరూ ఆవరణలో నిలబడి వందనాలు చెప్పుకుంటున్నారు. ప్లాంటులో నాన్నతో ఒకే షిఫ్టులో ముప్పై ఏళ్లు చేసిన ఆయన వచ్చాడు. ఆయన నాకు పిల్లప్పటి నుంచి తెలుసు, చర్చిలోనే చూశాను, ప్లాంటువాళ్లని నాన్న ఇంటికి పిలిచేవాడు కాదు.

"ఏటి బావా, కొత్తదా? ఏదీ, సూడనీ." బైబిలు నాన్న చేతిలోంచి తీసేసుకున్నాడు. పూలని వేలితో తడిమాడు. "భలే ఉందే. ఎక్కడ కొన్నావు?"

"కొన్లేదు. మా పిల్ల సేసింది."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వా? ఎక్కడ నేర్సుకున్నావమ్మా ఈ పని?"

ఆరు నెలల శిక్షణ, నేర్చుకున్న ఊరి పేరు, అన్నీ నా నాలుక చివర ఉన్నాయి. ఆ జవాబు చెప్పి నాన్నని గట్టెక్కించవచ్చు. నేను నోరు తెరిచాను. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా నాన్న సెప్పులు కుట్టీవోడు బావా," అన్నాడు. "యవసాయం కాదు. మాకు పొలమేటీ లేదు. నీకు అబద్దం సెప్పాను."

ఆ షిఫ్టాయన బైబిలు వెనక్కి తిప్పి, మచ్చలున్న వైపు చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"తెల్సు," అన్నాడు.

"ఏటి తెల్సు?"

"సెప్పుల సంగతి. జాయినైన ఏడే తెల్సు. మీ పక్కూరోడొకడు కేంటీన్లో ఉండీవోడు కదా, ఆడు సెప్పాడు."

"మరెప్పుడూ అన్లేదేటి?"

"నువ్వు అన్లేదు కదా బావా. మరి నానెలగంతాను?"

చుట్టూ జనం వందనాలు చెప్పుకుంటూనే ఉన్నారు. తుపాను ఏడు క్యాంటీన్లో పక్కన కూర్చుని, లేని పంట పోయినందుకు మా నాన్న భుజం తట్టినవాళ్లలో ఈయనా ఉండి ఉంటాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

ఆయన బైబిలు తిరిగి ఇచ్చాడు. నాన్న దాన్ని చంకలో పెట్టుకుని, రెండో చెయ్యి ఆయన భుజం మీద వేశాడు.

"ఇంటికి రా బావా," అన్నాడు. "టీ తాగి ఎలుదువు గాని."

ఆ షిఫ్టు మనిషి మా ఇంటి గుమ్మం తొక్కడం అదే మొదటిసారి.